చిన్న రైలు గట్టు కొలతల డైరీ: నౌపడా–గుణుపూర్ పాత నారోగేజి లైనులో ఒక ఊరి మలుపు

నౌపడా నుంచి పర్లాకిమిడి వరకు 1900లో మొదలై, 1931 నాటికి గుణుపూర్ దాకా సాగిన నారోగేజి లైను 2004 జూన్‌లో ఆగిపోయింది. రెండు పట్టాల మధ్య దూరం 762 మి.మీ. మాత్రమే కాబట్టి మా వైపు అందరికీ అది చిన్న రైలే. 2010–11లో వచ్చిన బ్రాడ్‌గేజి లైను పాత దారినే పట్టుకుని వెళ్ళినా, టెక్కలికీ పాతపట్నానికీ నడుమ మా ఊరి చెరువు దగ్గర మాత్రం పదునైన వంపును విడిచిపెట్టి పక్కకు జరిగింది. అలా విడిచిపెట్టిన సుమారు 870 మీటర్ల గట్టూ, దాని మీదున్న చిన్న స్టేషనూ ఈ డైరీకి విషయం. ఇలాంటి ముక్కలు ఈ లైనులోనూ, గేజి మారిన ఇతర లైన్లలోనూ ఉన్నాయి. వాటిని కొలవదలచినవారికి పనికివచ్చేలా పనిముట్లు, కొలతలు, పనిచేయని పద్ధతులు వరసగా రాస్తున్నాను. ఊరి పేరు రాయడం లేదు. పాత ఇనుము కోసం గట్లు తవ్వేవారు కూడా ఇలాంటివి చదువుతారు.

దశ 1: పటాలు, రికార్డులు

మొదట దొరికేవి చిన్న స్కేలు పటాలే. 1950ల నాటి అమెరికా సైన్యపు పటాలలో 1 మి.మీ. అంటే నేల మీద 250 మీటర్లు. లైను ఊరికి తూర్పున ఉందా, పడమర ఉందా అన్నదానికి మించి అవి ఏమీ చెప్పవు. సర్వే ఆఫ్ ఇండియా వారి అంగుళానికి మైలు పటం కొంత మెరుగే గానీ, అందులోనూ పెన్సిలు మొనంత తేడా, అంటే అర మిల్లీమీటరు, నేల మీద దాదాపు 32 మీటర్లవుతుంది. మేము వెతుకుతున్న గట్టు పైభాగం వెడల్పు నాలుగు మీటర్లు కూడా లేదు. కాబట్టి ఆ పటం మీద గీత చూసి పొలంలోకి వెళ్ళడం వృథా.

క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో పాత పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద కూర్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. పటం అంచులలో ఉన్న అక్షాంశ రేఖాంశాలు భూమి ఆకారానికి పాత సర్వేలు వాడిన ఎవరెస్టు గోళాకృతి ప్రకారం వేసినవి, ఫోను చూపేవి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 ప్రకారం వచ్చేవి. ఆ రెండింటినీ ఒకటే అనుకుని అతికిస్తే రైలు మార్గం చెరువు నడిబొడ్డున పడింది. ఆ పాత సర్వేల ఆధారమైన కళ్యాణపూర్ డేటంను ఎంచుకున్నాక గీత చెరువు గట్టు దాటి వచ్చింది. అప్పటికీ గుడి, పాత బావి, రెండు చెరువుల కళింగలు (మిగులు నీరు పొర్లిపోయే కట్టడాలు) వంటి నాలుగు చోట్లను చేతితో జత చేస్తే తప్ప గీత సరిగా కుదురుకోలేదు.

అసలు దారి చూపించింది రెవెన్యూ రికార్డు. గ్రామ పటంలో రైల్వే భూమికి విడిగా సర్వే నంబరు ఉంది. దాని ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం) నకలులో పట్టీ వెడల్పు 75 అని రాసి ఉంది. ఇది అడుగులు కాదు, మీటర్లు అంతకన్నా కాదు. మద్రాసు రాష్ట్రపు పాత ఎఫ్.ఎం.బి.లలో కొలతలు లింకులలో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, గొలుసు అంటే 66 అడుగులు, అంటే 20.12 మీటర్లు. ఆ లెక్కన 75 లింకులు 15.09 మీటర్లు. అదే అంకెను అడుగులుగా చదివితే 22.86 మీటర్లు వస్తుంది. అప్పుడు హద్దు రాయిని పక్కవాళ్ళ జీడితోటలో వెతకవలసి వస్తుంది, అనవసరంగా తగాదా కూడా వస్తుంది.

1. సర్వే నంబరు తెలుసుకోండి.
2. ఆ నంబరుతో పాటు ఆనుకుని ఉన్న నంబర్ల ఎఫ్.ఎం.బి. నకళ్ళు కూడా తీసుకోండి. ఒకదానిలో చెరిగిన అంకె ఇంకోదానిలో దొరుకుతుంది.
3. లింకులను 0.2012తో గుణించి మీటర్లలో పక్కన రాసుకోండి.
4. భూమి ఇప్పుడు ఎవరి పేరున ఉందో అడంగల్‌లో చూసి, వారి అనుమతి తీసుకున్నాకే లోపల అడుగుపెట్టండి.

ఇంతవరకు ఖర్చు: నకళ్ళు, ప్రింట్లు రూ. 420. నిర్ధారించిన పొడవు: సున్నా.

దశ 2: ఫోను జీపీఎస్‌తో నడక

గట్టు మీద ఫోను పట్టుకుని నడిచి గీత నమోదు చేయడం అందరికీ ముందుగా తోచే పని. ఈ పనికి అది చాలదు. వెళ్ళేటప్పుడు వచ్చిన గీతకూ తిరిగి వచ్చేటప్పుడు వచ్చిన గీతకూ తుమ్మచెట్ల కింద ఎనిమిది తొమ్మిది మీటర్ల తేడా వచ్చింది, బయలులో కూడా మూడు నాలుగు మీటర్లు తగ్గలేదు. గట్టు వెడల్పు కన్నా కొలత తప్పే పెద్దదైనప్పుడు ఆ గీతకు అర్థం లేదు. ఫోనును ఒకే చోట పది నిమిషాలు కదలకుండా పెట్టి సగటు తీస్తే బయలులో రెండు మీటర్ల లోపుకు దిగింది, చెట్ల కింద దిగలేదు.

అందువల్ల పద్ధతి మార్చాము. ఫోనును చోటు గుర్తు పెట్టుకోవడానికీ, ఫొటోకు సమయం, దిక్కు జోడించడానికీ మాత్రమే ఉంచుకుని, కొలతలన్నీ టేపుతో, ఉపగ్రహ చిత్రంలో స్పష్టంగా కనిపించే కట్టడాల నుంచే తీయాలని నిర్ణయించాము. డ్రోను ఆలోచన కూడా వచ్చింది గానీ, నడుస్తున్న రైలు మార్గం పక్కన ఎగరేయడానికి కావలసిన అనుమతుల కన్నా టేపు తేలిక.

కొత్త ఖర్చు ఏమీ లేదు. నిర్ధారించిన పొడవు ఇంకా సున్నాయే.

దశ 3: కదలనివి ఏవి?

పని ఇక్కడే దారిన పడింది. మూతపడిన లైనులో కనిపించే ప్రతి వస్తువూ సాక్ష్యమే, కానీ అన్నీ ఒకే విషయానికి సాక్ష్యం కావు. పట్టా ముక్క, స్లీపరు చెక్క, కంకర రాయి, సిగ్నలు స్తంభం వంటివి చేతులు మారేవి. ఫలానా కాలంలో ఫలానా రకం సామాను ఊళ్ళోకి వచ్చిందని అవి చెప్పగలవు, లైను ఎక్కడ నడిచిందో చెప్పలేవు. కల్వర్టు, నేలలో దిగిన పునాది, బావి, తవ్విన కోత, మట్టి గట్టు వంటివి ఎవరూ మోసుకుపోలేరు. దిక్కు నిర్ణయించడానికి వీటినే వాడాలి. హద్దు రాళ్ళు ఈ రెండింటికీ మధ్యస్థం: పాతవి నిలిచినచోట చాలా విలువైనవి, కానీ గట్టు నరికి పొలంలో కలుపుకున్నచోట వాటిని పీకి కాలువ మీద వేసుకున్నారు. ఇటీవలి రీసర్వేలో నాటిన కొత్త రాళ్ళు కూడా ఉన్నాయి కాబట్టి, రాయి కనిపించగానే సంబరపడకుండా ఎఫ్.ఎం.బి. దూరంతో సరిచూడాలి.

ఈ లెక్కన మొదట పట్టుకున్నవి రెండు కల్వర్టులు. రెండూ చెరువు కింది పిల్లకాలువల మీద కట్టినవి. ఇటుక కమాను, సున్నపు గచ్చు, పైన రాతి పలకలు. టెక్కలి వైపు దానిని తుప్పలు పూర్తిగా కప్పేశాయి. దానిని పటం చూసి కాక, ఊళ్ళో ఒక మామ్మను అడిగి తెలుసుకున్నాము. స్టేషను ఎక్కడ, లైను ఎక్కడ అని అడిగితే అందరూ చేయి చాచి దూరంగా అటు అంటారు. "కోతలప్పుడు మోపులు ఎత్తుకుని గట్టు ఎక్కడ దాటేవారు మామ్మా?" అని అడిగితే ఆమె నేరుగా తీసుకువెళ్ళి చూపించింది. గట్టు ఎక్కి దిగడం బరువుతో కష్టం కాబట్టి, ఎండిన కాలంలో కల్వర్టు కిందనుంచే దూరి వెళ్ళేవారట. జ్ఞాపకాన్ని పనితో ముడిపెట్టి అడిగితే చోటు కచ్చితంగా వస్తుంది.

రెండు కల్వర్టుల రాతి పలకల మధ్య బిందువుల నడుమ టేపు కొలత 312 మీటర్లు. ఉపగ్రహ చిత్రంలో అదే దూరం 311 వచ్చింది. మొదటిసారి టేపు నేల మీద పరిచి కొలిచినప్పుడు 318 వచ్చింది. ఎత్తుపల్లాలూ, తుప్పల చుట్టూ తిరిగిన వంకరా కలిసి ఆ ఆరు మీటర్లు పెంచాయి. ప్రతి 25 మీటర్లకు ఒక వెదురు కర్ర నిలబెట్టి, కర్రలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో కంటితో చూసి, టేపును నడుము ఎత్తున బిగించి, చివర తూకపు గుండు వేలాడదీసి కొలిస్తే ఆ తేడా పోయింది.

ఇంతవరకు ఖర్చు: 30 మీటర్ల టేపు 380, తూకపు గుండు 150, మేకులు, సున్నం 120, పాతది కలిపి రూ. 1,070. నిర్ధారించిన పొడవు: 312 మీటర్లు.

దశ 4: ఊళ్ళోకి నడిచివచ్చిన సామాను

కదిలే సామాను దిక్కుకు పనికిరాకపోయినా కొలవడం మానలేదు. ఒక ఇంటి పశువులశాలలో స్లీపరు చెక్కలు దూలాలుగా ఉన్నాయి. నారోగేజి స్లీపరు ప్రామాణిక కొలత 150 × 18 × 11.5 సెం.మీ., మీటరు గేజిది 180 × 20 × 11.5 సెం.మీ., బ్రాడ్‌గేజిది 275 × 25 × 13 సెం.మీ. అయితే దూలంగా కోసుకున్న చెక్కకు పొడవు చూసి గేజి చెప్పలేము. చూడవలసింది డాగ్ స్పైకులు, అంటే పట్టాను చెక్కకు బిగించే మేకులు, దిగిన రంధ్రాలను.

1. ఒక పట్టాకు ఇరువైపులా ఉన్న రంధ్రాల మధ్య బిందువు గుర్తించాలి.
2. రెండో పట్టాకూ అలాగే చేయాలి.
3. ఆ రెండు బిందువుల మధ్య దూరం నుంచి గేజిని తీసేస్తే పట్టా తల వెడల్పు మిగలాలి.

రెండు చెక్కలలో ఆ దూరం 806, 811 మి.మీ. వచ్చింది. 762 తీసేస్తే 44, 49 మిగిలాయి. చిన్న రైలు పట్టాకు అది సరిపోయే తల. మూడో చెక్కలో మాత్రం 1,058 వచ్చింది. అది మీటరు గేజి చెక్క. ఈ లైనులో మీటరు గేజి ఏనాడూ లేదు, నౌపడా దగ్గర కలిసే ప్రధాన మార్గమూ బ్రాడ్‌గేజే. అంటే ఆ చెక్క ఎక్కడో వేలంలో కొన్నది, లారీ ఎక్కి వచ్చింది. మిగతా రెండు చెక్కల పక్కనే, అదే మసితో, అదే వయసున్నట్టు కనిపిస్తుంది. దూలాలు చూసి చరిత్ర రాసేవారు ఈ మూడో చెక్కను గుర్తుంచుకోవాలి.

పట్టా ముక్కలు కంచె స్తంభాలుగా చాలా చోట్ల ఉన్నాయి. తుప్పు రేకులు చిప్పలుగా లేచిన చోట కొలిస్తే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది కాబట్టి, నేలకు ఎత్తున, వానకు చాటున ఉన్న భాగంలో కొలిచాము. పెద్ద రకం ఎత్తు 105, అడుగు వెడల్పు 100, తల 52 మి.మీ. గజానికి 50 పౌండ్ల ప్రామాణిక పట్టా కొలతలు ఇవే. చిన్న రకానికి తల అరిగి, అంచు కరిగిపోయి కొలత నిలవలేదు. దాని బరువు తూచాలంటే కోసిన ముక్క కావాలి. అలాంటిది కమ్మరి దగ్గర దాకలిగా ఉంది. పొడవు 46 సెం.మీ., తూకం 6.8 కిలోలు, అంటే మీటరుకు 14.8 కిలోలు. మీటరుకు వచ్చిన కిలోలను 2.016తో గుణిస్తే గజానికి పౌండ్లు వస్తాయి. 29.8 వచ్చింది, కాబట్టి 30 పౌండ్ల రకం అని రాసుకున్నాము. అరుగుదలను బట్టి అసలు బరువు కొంచెం ఎక్కువే అయ్యుండవచ్చు.

ఒక పట్టా స్తంభం కొసన, ఫిష్‌ప్లేటు (రెండు పట్టాల కొసలను కలిపే పలక) బోల్టు కోసం తొలిచిన రంధ్రంలోంచి గేదె పలుపు దూర్చి కట్టారు. పలుపు రాపిడికి రంధ్రం అంచు ఒకవైపు అద్దంలా మెరుస్తోంది, అవతలివైపు తుప్పు అలాగే ఉంది. బోల్టు రంధ్రం ఉందంటే అది పట్టా అసలు కొస, గ్యాసుతో కోసింది కాదు. అక్కడి కోత చదునుగా ఉంటుంది కాబట్టి ఎత్తు, వెడల్పు కొలవడానికి అలాంటి కొసలనే వెతకాలి.

ఒక హెచ్చరిక. ఇవేవీ ఇంటికి తెచ్చుకోకూడదు. రైల్వే సొత్తు అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. కొలవండి, ఫొటో తీయండి, ఉన్నచోటే వదిలేయండి.

ఇంతవరకు ఖర్చు: ఉక్కు స్కేలు 90తో కలిపి రూ. 1,160. నిర్ధారించిన పొడవులో మార్పు లేదు.

దశ 5: మలుపు

పాత లైను ఇక్కడ చెరువును చుట్టి వెళ్ళింది. చెరువు మూల మీదుగా గట్టు పోయడం కన్నా చుట్టి వెళ్ళడం చవక, చిన్న రైలుకు పదునైన వంపు ఇబ్బంది కాదు. భారత రైల్వే ప్రమాణాలలో నారోగేజికి 40 డిగ్రీల వంపు (100 అడుగుల దూరంలో దారి 40 డిగ్రీలు తిరగడం), అంటే 44 మీటర్ల వ్యాసార్థం దాకా అనుమతి ఉంది. మీటరు గేజికి 16 డిగ్రీలు, 109 మీటర్లు. బ్రాడ్‌గేజికి 10 డిగ్రీలు, 175 మీటర్లు. మా మలుపు ఎంత పదునైనదో తెలిస్తే కొత్త లైను ఎందుకు పక్కకు పోయిందో తెలుస్తుంది.

గ్యాంగ్‌మన్లు వంపును కొలిచే పద్ధతే వాడాము. వంపు మీద రెండు చోట్ల తాడు బిగించి, తాడు మధ్య నుంచి పట్టా ఎంత దూరం జరిగిందో చూస్తారు. దాన్ని వెర్సైను అంటారు. తాడు పొడవును దానితోనే గుణించి, వెర్సైనుకు 8 రెట్లతో భాగిస్తే వ్యాసార్థం వస్తుంది. వారు పట్టా అంచు నుంచి కొలుస్తారు గనుక వారికి మిల్లీమీటర్లు దక్కుతాయి. మాకు ఉన్నది పట్టా లేని మట్టి గట్టు.

20 మీటర్ల తాడుతో, గట్టు అంచు నుంచి కొలిచినప్పుడు వరసగా 0.11, 0.52, 0.20, 0.41 మీటర్లు వచ్చాయి. మొదటిదాని ప్రకారం వ్యాసార్థం 450 మీటర్లు దాటుతుంది, రెండోదాని ప్రకారం 96 మీటర్లే. కారణం తేలికగానే దొరికింది. వాన కోతకు గట్టు అంచు అటూ ఇటూ 30 సెం.మీ. దాకా కదిలింది, 20 మీటర్ల తాడుకు రావలసిన వెర్సైను కూడా 30 సెం.మీ. దగ్గరే. కొలవవలసినదీ, కొలతలోని తప్పూ ఒకే పరిమాణంలో ఉంటే ఎన్నిసార్లు కొలిచినా లాభం లేదు.

రెండు మార్పులు చేశాము.

1. అంచు నుంచి కాక, ప్రతి 10 మీటర్లకు గట్టు రెండు అంచులనూ గుర్తించి, వాటి నడిమి బిందువున మేకు దిగగొట్టాము. రెండు వైపులా కోత ఇంచుమించు సమానంగా పడినచోట నడిమి బిందువు పెద్దగా కదలదు.
2. తాడు పొడవును 60 మీటర్లకు పెంచాము. తాడు మూడింతలైతే వెర్సైను తొమ్మిదింతలవుతుంది, అంచు తప్పు మాత్రం పెరగదు.

అప్పుడు 2.48, 2.71, 2.55, 2.66 మీటర్లు వచ్చాయి. సగటు 2.60. వ్యాసార్థం 3,600 ÷ 20.8 = 173 మీటర్లు. 1,750ని వ్యాసార్థంతో భాగిస్తే డిగ్రీలు వస్తాయి: 10.1. నారోగేజికి ఇది చాలా మెత్తని వంపు, బ్రాడ్‌గేజికి మాత్రం గరిష్ఠ పరిమితిని తాకే వంపు. అలాంటి వంపులో వేగం చచ్చిపోతుంది కాబట్టి కొత్త లైనుకు ఎవరూ దాన్ని ఎంచుకోరు. ఉపగ్రహ చిత్రం మీద కొత్త లైను వంపు వ్యాసార్థం 725 మీటర్లకు అటూ ఇటూగా వస్తోంది, అంటే రెండున్నర డిగ్రీల లోపే. రెండు వంపులూ ఒకే మొత్తం తిరుగుడును, సుమారు 63 డిగ్రీలను, పూర్తిచేస్తాయి గనుక వాటి మధ్య ఎడం ఎంత ఉండాలో లెక్కకట్టవచ్చు: 95 మీటర్లు. చిత్రం మీద కొలిస్తే 97. ఇంతవరకు చేసిన పనిలో నాకు బాగా నచ్చింది ఈ సరిపోలికే, ఎందుకంటే ఒకదానిపై ఒకటి ఆధారపడని రెండు దారుల్లో అది వచ్చింది.

కొత్త లైను మీదకు వెళ్ళి కొలవలేదు, ఎవరూ వెళ్ళకూడదు. అనుమతి లేకుండా పట్టాల మీద నడవడం రైల్వే చట్టం 147వ సెక్షను కింద శిక్షార్హం. పైగా వంపులో వెనక నుంచి వచ్చే బండి కనిపించదు.

ఇంతవరకు ఖర్చు: నైలాను తాడు 80తో రూ. 1,240. నిర్ధారించిన పొడవు: 312 + మలుపు 190 = 502 మీటర్లు.

దశ 6: వాలు

వాలు కొలవడానికి గట్టు పైభాగాన్ని నమ్మలేము, మట్టి తోలుకుపోయారు. కల్వర్టుల మీది రాతి పలకలు కట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, వాటిని పట్టా మట్టానికి సమాంతరంగానే వేస్తారు. అందుకని ఒక పలక నుంచి రెండో పలక దాకా మేస్త్రీల నీటి గొట్టంతో మట్టం లాగాము.

వెళ్ళేటప్పుడు వచ్చిన తేడాకూ తిరిగి వచ్చేటప్పుడు వచ్చిన తేడాకూ 19 సెం.మీ. ఎడం వచ్చింది. గొట్టంలో వేలి గోరంత గాలి బుడగ ఉంది. పారదర్శకమైన నీటిలో ఎండకు అది కనిపించలేదు. కొద్దిగా కుంకుమ కలిపిన నీరు నింపి, గొట్టాన్ని రాత్రంతా దూలానికి వేలాడదీసి, పొద్దున్నే ఎండ ముదరకముందే కొలిస్తే ఎడం 2 సెం.మీ.కు దిగింది. ఎండలో పరిచిన గొట్టంలో ఒక కొస వేడెక్కి, రెండో కొస నీడలో చల్లగా ఉన్నా మట్టం తప్పుతుంది. రాను, పోను రెండుసార్లూ కొలవనిదే ఏ మట్టాన్నీ రాసుకోకండి.

పాతపట్నం వైపు పలక 2.08 మీటర్లు ఎత్తులో ఉంది. 312 మీటర్లకు 2.08 అంటే 150కి 1 వాలు.

ఇంతవరకు ఖర్చు: గొట్టం 300, కుంకుమ 10, మొత్తం రూ. 1,550.

దశ 7: పొలంలో కలిసిపోయిన గట్టు

స్టేషను దాటాక గట్టు లేదు. చదును చేసి వరి వేస్తున్నారు. నిలిచిన వరిలో తేడా ఏమీ కనిపించలేదు. నీరు నిండా ఉన్నంతకాలం కింద ఏముందో పైరుకు పట్టదు. కోతలయ్యాక చల్లిన మినుములో కనిపించింది. నేలలో మిగిలిన తడి మీద బతికే పైరు కదా, కింద కంకర ఉన్నచోట తడి త్వరగా దిగిపోయి, ఒక పట్టీ మేర ఆకు ముందుగా పసుపెక్కింది. పొలం గట్టు మీద నిలబడి చూస్తే తెలియదు, నూతి పక్కనున్న తాటిచెట్టు ఎక్కినవాడు చెప్పాడు. ఆ తర్వాత గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు ఒక్కొక్కటీ తిరగేస్తే, ఫిబ్రవరిలో తీసిన వాటిలో మాత్రమే ఆ పట్టీ తేలింది. చిత్రాలను సంవత్సరం చూసి కాక నెల చూసి వెతకండి.

పట్టీని సరిచూడటానికి కమ్మరి చేత 8 మి.మీ. ఊచకు మొన పెట్టించి, పిడి వేయించాము. రైతు అనుమతితో, పైరు తీశాక, పట్టీకి అడ్డంగా అర మీటరుకు ఒక పోటు. ఎండిన నేలలో ప్రతి పోటూ ఒకే లోతున ఆగిపోయింది. గట్టిపడిన నేలకూ కంకరకూ ఊచకు తేడా తెలియలేదు. మొదటి వానల తర్వాత మళ్ళీ చేస్తే మట్టిలో ఊచ మెత్తగా 60 సెం.మీ. దాటి దిగింది, కంకర తగిలినచోట 25 నుంచి 35 సెం.మీ. మధ్య గరగరమని ఆగింది. పిడి మీద చేతికి తెలిసే ఆ గరగర కూడా లోతు పక్కన రాసుకోవాలి, ఎందుకంటే వేరు తగిలినా ఊచ ఆగుతుంది గానీ గరగరలాడదు.

కంకర తగిలిన వెడల్పు ఐదు అడ్డవరసలలో 2.0, 2.5, 2.5, 3.5, 2.0 మీటర్లు. నాలుగో వరస దగ్గర దున్నినప్పుడు కంకర పక్కకు జరిగిందని రైతే చెప్పాడు. ఐదు వరసల నడిమి బిందువులనూ కలిపితే గీత స్టేషను నుంచి తిన్నగా, ఎఫ్.ఎం.బి. పట్టీకి నడుమ వచ్చింది.

ఇంతవరకు ఖర్చు: ఊచ 350తో రూ. 1,900. నిర్ధారించిన పొడవు: 502 + 205 = 707 మీటర్లు.

దశ 8: స్టేషను

కప్పు లేదు. గోడలు మనిషి ఎత్తున నిలిచి ఉన్నాయి, ఒక గదిని పంచాయతీ సామాను పెట్టుకోవడానికి వాడుకుంది. ఇటుక 23 × 11 × 7 సెం.మీ., సున్నపు గచ్చు. తర్వాతి మరమ్మతులు సిమెంటు. టిక్కెట్ల కిటికీని ఇటుకతో మూసేశారు గానీ కిటికీ కింది రాతి పలక అలాగే ఉంది.

పేరు రాసిన గోడ మీద రెండు రకాల పూతలు ఉన్నాయి. సున్నం మాత్రమే ఉన్న భాగంలో నీళ్ళు చిమ్మితే, తడిసిన సున్నం పారదర్శకమై కింది నల్ల అక్షరాలు కొన్ని నిమిషాలు పైకి కనిపిస్తాయి. ఆరితే మాయమవుతాయి. కాబట్టి ముందు కెమెరాను స్టాండు మీద సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే నీళ్ళు చిమ్మాలి. పంచాయతీ వేసిన ప్లాస్టిక్ రంగు ఉన్న భాగంలో నీరు జారిపోయింది, ఏమీ తేలలేదు. అక్కడ చీకటి పడ్డాక టార్చిని గోడకు ఆనించినంత దగ్గరగా, పక్కవాటుగా వేస్తే, పాత రంగు మందం నీడగా లేచి తెలుగు పేరులో చివరి రెండు అక్షరాలు చదవగలిగాము. వాటి ఎత్తు 21 సెం.మీ. సముద్ర మట్టం నుంచి ఎత్తు చెప్పే వరసలో ఒక అంకె 3 కావచ్చు, 8 కావచ్చు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి అలాగే వదిలేశాను, ఊహించి పూరించలేదు.

ప్లాట్‌ఫారం అంచు కోసం తవ్వవలసిన పని పడలేదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకు ప్లాట్‌ఫారం మీది చింతచెట్టు వేళ్ళతో సహా లేచి పడిపోయింది. ఆ గుంత ఒక పక్క ఇప్పటికీ పూడలేదు. తాపీతో ఆ పక్కను కొద్దిగా గోకి శుభ్రం చేస్తే పొరలు వరసగా కనిపించాయి. పైన 14 సెం.మీ. మట్టి. దాని కింద 6 సెం.మీ. నల్లటి పొర, వేళ్ళ మధ్య నలిపితే పొడి కాకుండా గాజు పెంకుల్లా గుచ్చుకుంది. అది ఇంజను నుంచి లాగి పారబోసిన బొగ్గు కిట్టం, ప్లాట్‌ఫారం గుంతలు పూడ్చడానికి పరిచినది. దాని కింద 22 సెం.మీ. ఎర్ర గ్రావెల్. ఆ పక్కనే అంచు ఇటుకలు, రెండు వరసలు. అంచు పైభాగానికీ పక్కన తగిలిన కంకర పైభాగానికీ ఎత్తు తేడా 23 సెం.మీ. మెట్టు ఎక్కినట్టు ఎక్కే తక్కువ ఎత్తు ప్లాట్‌ఫారం ఇది.

ప్లాట్‌ఫారం పొడవు మొదట 71 మీటర్లు వచ్చింది, అక్కడితో ఇటుకలు ఆగిపోయాయి. కానీ అదే వరసలో ఇంకొంత దూరం గడ్డి పలచగా ఉంది. ఊచతో చూస్తే ఇటుక తగలలేదు గానీ కిట్టం పొర 96 మీటర్ల దాకా సాగింది. ఇటుకలను ఎవరో ఇంటి పునాదికి పట్టుకుపోయి ఉంటారు, కిట్టం ఎవరికీ అక్కర లేదు. అందువల్ల పొడవును 96గా రాసి, అందులో ఇటుక అంచు నిలిచి ఉన్నది 71 అని విడిగా చూపాను.

ఇంతవరకు ఖర్చు: టార్చి 250, చిమ్మే సీసా 60, మొత్తం రూ. 2,210. నిర్ధారించిన పొడవు: 707 + 96 = 803 మీటర్లు.

మిగిలినది

870లో ఇంకా 67 మీటర్లు ఉన్నాయి. అవి రెండు కొసలలో, పాత గట్టు కొత్త గట్టుతో కలిసేచోట ఉన్నాయి. టెక్కలి వైపు 26, పాతపట్నం వైపు 41. అక్కడ బ్రాడ్‌గేజి గట్టు వాలు పాతదాని మీదికి దిగింది. నడుస్తున్న లైను హద్దులో ఊచ దించకూడదు, గట్టు గోకకూడదు. పటంలో ఆ రెండు ముక్కలనూ చుక్కల గీతగా గీశాను. నిర్ధారించిన 803 మీటర్లలో కూడా మూడు రంగులు వాడాను: కట్టడం కంటికి కనిపించేది నలుపు, గట్టు మాత్రమే ఉన్నది గోధుమ, ఊచతో తప్ప తెలియనిది నీలం. మీరు గీసే పటాలలో ఇదే పద్ధతి పాటిస్తే రెండు ఊళ్ళ ముక్కలను పక్కపక్కన పెట్టి చూడటం తేలిక. పటం ఒక ప్రతి పంచాయతీకి ఇచ్చాము. రెండో ప్రతి మీద రైతు తన పొలంలోని నీలం గీతను చూసి, బోరు దానికి నాలుగు మీటర్లు ఎడంగా వేయించుకుంటానని గుర్తు పెట్టుకున్నాడు.